పాత రంగు లేపే జెల్: ట్యాపెట్ కవర్, చాంబర్, బ్రాకెట్ మీద వాడి చూశాక

మా నాన్న ఇరవై ఏళ్ళు నడిపిన కారు ఇంజిన్ కిందికి దించి రెండు నెలలైంది. బేరింగులు, పిస్టన్ రింగులు ఎలాగూ మార్చాలి కాబట్టి, విప్పిన భాగాలన్నిటికీ కొత్త రంగు వేసి ఎక్కిద్దామనుకున్నాను. రంగు కొట్టడం ఒక పూట పని. అంతకుముందు పాత రంగు లేపడం ఉంది చూశారా, నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజులూ నా చేతిలో ఉన్న లీటరు డబ్బా గురించే ఇది రాస్తున్నాను.

ముందు ఒక సంగతి చెప్పాలి. ఇంజిన్ పైన మూతలా ఉండే ఈ ట్యాపెట్ కవర్‌కే నేను ఒకసారి పాత రంగు మీదే కొత్త రంగు కొట్టాను. ఎమరీ పేపర్‌తో పైపైన రుద్ది, తుడిచి, స్ప్రే చేసేశాను. ఆరు నెలలు తిరక్కుండానే బోల్టుల చుట్టూ పెచ్చులు లేచాయి. ఒక పెచ్చు ఊడదీసి వెనక్కి తిప్పి చూశాను. నేను వేసిన రంగు కింది రంగుని గట్టిగానే పట్టుకుని ఉంది. లోహాన్ని వదిలేసింది ఆ కింది రంగే. అంటే నా రంగులో తప్పేమీ లేదు, దాని కింద పునాదే లేదు. ఈసారి లోహం కనిపించేదాకా తీయాల్సిందేనని ఆ రోజే అనుకున్నాను.

నేను కొన్నది బెంజైల్ ఆల్కహాల్‌తో చేసిన జెల్ పెయింట్ రిమూవర్. డబ్బా పేరు రాయడం లేదు. ఇదే రకం జెల్ రకరకాల పేర్లతో దొరుకుతుంది, కొనేటప్పుడు వెనకవైపు చిన్న అక్షరాల్లో ఉన్న రసాయనం పేరు చదివితే చాలు. ఇంతకుముందు నేను వాడింది డైక్లోరోమీథేన్ రకం. మెథిలీన్ క్లోరైడ్ అన్నా అదే. పని విషయంలో దానికి వంక పెట్టలేం. పూసిన పది నిమిషాలకే రంగు ముడతలు పడి లేచిపోయేది. కానీ అది దాదాపు 40 డిగ్రీల దగ్గరే మరిగే ద్రవం, డబ్బా మూత తీస్తే చాలు ఆవిరి ఎగిసిపోతుంది. ఆ ఆవిరి గాలికన్నా బరువు కాబట్టి కిందికి దిగి గదిలోనే నిలిచిపోతుంది. పీలిస్తే అందులో కొంత మన ఒంట్లోనే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుగా మారుతుంది. తలుపు సగం మూసిన షెడ్డులో వాడిన రోజు నాకు అరగంటలో తల దిమ్మెక్కింది, బయటికొచ్చి కూర్చుంటే గానీ తేరుకోలేదు. మూసిన గదుల్లో స్నానాల తొట్లకి రంగు లేపుతూ దీని ఆవిరికి చనిపోయిన పనివాళ్ళ గురించి ఆ తర్వాత చదివాను. అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ 2019లో ఈ రసాయనమున్న రిమూవర్లను మామూలు జనానికి అమ్మకుండా ఆపేసింది. ఇంట్లో వాళ్ళు తిరిగే చోట అలాంటిది మళ్ళీ తెరవడం నాకు ఇష్టం లేకపోయింది.

బెంజైల్ ఆల్కహాల్ మరిగేది 205 డిగ్రీల దగ్గర. అందుకే వాసన తక్కువ, ఆరడం నిదానం, పని కూడా నిదానం. ఆ నిదానానికి ఒప్పుకుంటేనే ఈ జెల్ కొనండి.

డబ్బా మూత తీస్తే లోపల చిక్కటి గంజిలా ఉంది. బ్రష్‌తో తీసి నిలువుగా ఉన్న భాగానికి పూసినా జారలేదు, అది నాకు బాగా నచ్చింది. ట్యాపెట్ కవర్ పక్కగోడలు, బ్రాకెట్ వంపులు లాంటి చోట్ల పల్చటి రిమూవర్ కారిపోయి కింద మడుగు కడుతుంది. ఇది పెట్టిన చోటే కూర్చుంది. లీటరు డబ్బాతో ట్యాపెట్ కవర్, చాంబర్ (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి), ఆల్టర్నేటర్ బ్రాకెట్ (బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్‌ని ఇంజిన్‌కి పట్టి ఉంచేది) మూడూ అయ్యాక ఇంకా పావు వంతు మిగిలింది.

పూసే ముందు చేసిన పనికే ఒక పూట పోయింది. ఇంజిన్ భాగం మీద ఆయిల్ జిడ్డు ఉంటే రిమూవర్ ఆ జిడ్డు మీదే తేలుతుంది, రంగులోకి దిగదు. కిరోసిన్‌తో ఒకసారి కడిగి, తర్వాత గిన్నెల సబ్బు నీళ్ళతో కిరోసిన్ జిడ్డు పోయేదాకా రుద్దాను. రబ్బరు ముక్కలు, ఆయిల్ మూత, ఇంజిన్ లోపలి ఆవిరి బయటికి పోయే బ్రీదర్ గొట్టం అన్నీ విప్పి పక్కన పెట్టాను. ఆయిల్ కారకుండా మధ్యలో పెట్టే ప్యాకింగ్ కూర్చునే అంచుకి, కన్నాలకి అల్యూమినియం రేకు టేపు అంటించాను. మామూలు మాస్కింగ్ టేపు రిమూవర్ తగలగానే జిగురు వదిలేసి ఊడివస్తుంది. ట్యాపెట్ కవర్ లోపలి వైపు బ్రీదర్ కింద ఒక రేకు అడ్డం ఉంటుంది, ఆ సందులోకి ఏదైనా దూరితే మళ్ళీ బయటికి రాదు. అందుకని లోపలివైపు జెల్ అసలు తగలనివ్వలేదు.

ఇంకొకటి, భాగం ఏ లోహమో తెలియకుండా ఏ రసాయనమూ పూయకూడదు. అయస్కాంతం అంటుకుంటే ఇనుమో ఉక్కో. అంటుకోకపోతే అల్యూమినియం అని తేల్చేయకండి, కొన్ని కార్లకి మెగ్నీషియం కవర్లు వస్తాయి. కనబడని మూల చిన్న గీత గీకి, మెరిసే లోహం మీద ఒక చుక్క వెనిగర్ వేయండి. బుడగలు లేస్తే మెగ్నీషియం. దాన్ని గ్రైండర్‌తో రుద్దితే వచ్చే పొడి అంటుకుంటుంది, ఆ మంట మీద నీళ్ళు పోస్తే ఇంకా ఎగుస్తుంది. నా కవర్ మీద బుడగలు రాలేదు. అల్యూమినియమే.

జెల్ మందంగా, ఒకే వైపు బ్రష్ లాగి పూశాను. ముందుకీ వెనక్కీ రుద్దితే పైపొర చెదిరి తొందరగా ఆరిపోతుంది. పూసిన వెంటనే పల్చటి పాలిథిన్ కవరు కప్పి అంచులు మడిచాను. డబ్బా మీద పదిహేను నుంచి ముప్పై నిమిషాలని రాసి ఉంది. ముప్పై నిమిషాలకి కవరు ఎత్తి చూస్తే పైన రంగు కాస్త మెత్తబడింది, అంతే. గోరుతో నొక్కితే గుర్తు పడుతోంది గానీ లేవడం లేదు. గోడకి, కిటికీకి వేసే రంగుకైతే ఆ సమయం సరిపోతుందేమో. ఏళ్ళ తరబడి వేడికి ఉడికి గట్టిపడ్డ ఇంజిన్ ఎనామెల్‌కి సరిపోదు. డబ్బా మీద ఆ మాట కూడా రాసి ఉంటే బాగుండేది.

రెండో గంట దాటాక చూడాల్సిన దృశ్యం. పాలిథిన్ కింద ఒక మూల రంగు చిన్న పొక్కులా ఉబ్బింది. ఆ పొక్కు పక్కనే ఇంకోటి. చూస్తుండగానే రెండిటి మధ్య సన్నటి గీతలా ముడత పడి, ఎండకి కమిలిన చర్మంలా పొర పైకి లేచింది. ఈ రసాయనాలు రంగుని కరిగించవు. సందుల్లోంచి లోపలికి దిగి రంగుని ఉబ్బిస్తాయి. ఉబ్బిన రంగుకి లోహం మీద చోటు చాలక పట్టు విడుస్తుంది. ఇది చదివి తెలిసిన సంగతే, కళ్ళతో చూడటం అదే మొదటిసారి.

నాలుగు గంటలకి ప్లాస్టిక్ స్క్రాపర్ పెట్టి తోశాను. నేను వేసిన బూడిద రంగు, దాని కింది ఎరుపు కలిసి పట్టీలా చుట్టుకుంటూ వచ్చేశాయి. ఆ ఎరుపు ఎప్పుడు, ఎవరు వేయించారో నాన్నకి కూడా గుర్తు లేదు. దాని కింద కంపెనీ వేసిన వెండి రంగు మాత్రం కదల్లేదు. రెండోసారి పూసి, కప్పి, రాత్రంతా వదిలేశాను. పొద్దున్నకి అది కూడా వచ్చింది. చలిగా ఉన్న రోజు ఇంకా ఎక్కువసేపు పడుతుంది. ఎండలో పెడితే మాత్రం కవరు కప్పినా అంచుల దగ్గర ఆరిపోయి, ఆరిన జెల్ మళ్ళీ రంగుకే అంటుకుపోతుంది. నీడలో పెట్టడమే మేలు.

కవర్ పైన నిలువు గాడులున్నాయి. వాటి మధ్య స్క్రాపర్ దూరదు. వెదురు పుల్ల చివర చెక్కి, గాడి పొడవునా నెట్టుకుంటూ వెళ్ళాను. తర్వాత ఇత్తడి తీగల బ్రష్. ఉక్కు బ్రష్ అల్యూమినియం మీద వాడకండి, గీతలు పడటమే కాక ఉక్కు రేణువులు అందులో ఇరుక్కుని తర్వాత తుప్పు చుక్కలుగా బయటపడతాయి. మూడో గాడి చివర, ఇన్నేళ్ళూ రంగు కింద మునిగిపోయిన పోత అంకెలు ఒక్కొక్కటే బయటికొచ్చాయి. ఆఖరి అంకె పక్కన ఎవరో ఆకురాయితో సరిచేసిన గుర్తు కూడా ఉంది. పోతపోసిన రోజు కార్ఖానాలో ఎవరి చేతిదో అది. చాలాసేపు దాని మీద వేలు పెట్టి అలాగే కూర్చున్నాను.

చాంబర్ రేకు పని కాబట్టి సులువుగా అయిపోయింది. ఒక్కసారి పూస్తే చాలింది.

బ్రాకెట్ దగ్గర జరిగింది మాత్రం వివరంగా చెప్పాలి. అది పోత ఇనుము, మందపాటి నల్ల రంగు. రంగంతా పోయాక థిన్నర్‌తో తుడిచాను. థిన్నర్ క్షణాల్లో ఆరిపోయింది, లోహం బూడిద రంగులోకి తిరిగింది. బోల్టు కన్నం పక్కన మాత్రం వెంట్రుకంత సన్నటి తడి గీత ఒకటి ఆరకుండా మిగిలింది. మళ్ళీ తుడిచాను, మళ్ళీ అదే గీత. లోపలికి దిగిన థిన్నర్ మెల్లగా బయటికి ఊరుతోందన్నమాట. నాకు పని నేర్పిన మేస్త్రికి చూపిస్తే గోరు పెట్టి గీత వెంట లాగి, "ఇది గీత కాదురా, క్రాక్. బెల్టు లాగినప్పుడల్లా తెరుచుకుంటుంది" అన్నాడు. "వెల్డింగ్ చేయిద్దామా మేస్త్రీ?" అంటే, "పోత ఇనుముకి వద్దు, వేరేది వెతుక్కో" అన్నాడు. రంగు మీద రంగు కొట్టి ఉంటే ఆ బ్రాకెట్ అలాగే ఇంజిన్‌కి ఎక్కేది, ఏదో ఒక రోజు ఆల్టర్నేటర్‌తో సహా కింద పడేది. జెల్‌కి పెట్టిన ఖర్చు నాకు అక్కడే తిరిగొచ్చేసింది.

ఈ జెల్ ఓడిపోయిన చోటు కూడా ఒకటుంది. ఇగ్నిషన్ కాయిల్ కింద ఒక చిన్న పట్టీ, పౌడర్ కోటింగ్ చేసింది. రెండుసార్లు పూసి, రెండు రాత్రులు ఉంచాను. అంచులు కాస్త మెత్తబడ్డాయి, మధ్యలో మెరుపు కూడా తగ్గలేదు. పొడి చల్లి 200 డిగ్రీల చుట్టుపక్కల వేడిలో కరిగించి పట్టించిన పూత అది, ఈ మాత్రం దానికి లొంగదు. అలాంటి భాగాలుంటే దీని మీద ఆశ పెట్టుకోకండి, గాజు పూసల్లాంటివి గాలితో జోరుగా కొట్టి పూత లేపే బ్లాస్టింగ్‌కి ఇవ్వండి. బ్లాస్టింగ్ అయినా చాంబర్, ట్యాపెట్ కవర్ లాంటి ఆయిల్ తిరిగే భాగాలకి నేను చేయించను. ఇందాక చెప్పిన బ్రీదర్ కింది రేకు వెనక నాలుగు గాజు పూసలు మిగిలినా అవి ఆయిల్‌తో కలిసి నేరుగా బేరింగుల్లోకి పోతాయి. ప్యాకింగ్ అంచులు రుద్దడానికి గ్రైండర్‌కి పెట్టే నైలాన్ డిస్కులదీ ఇదే కథ. వాటి గరుకు పొడి కంటికి కనిపించదు గానీ బేరింగుని అరగదీస్తుంది.

కాస్టిక్ సోడా వాడొచ్చు కదా అని నన్ను చాలామంది అడిగారు. ఉక్కుకి, పోత ఇనుముకి బాగా పనిచేస్తుంది, కాదనను. అల్యూమినియానికి మాత్రం విషమే. సోడా తగలగానే లోహమే కరగడం మొదలవుతుంది, పొంగే బుడగలు హైడ్రోజన్. ఎప్పుడో నేను ఒక థర్మోస్టాట్ మూతని సోడా నీళ్ళలో వేసి మర్చిపోయాను. తీసి చూస్తే నల్లగా మాడిపోయి, ప్యాకింగ్ అంచంతా గుంటలు పడి ఉంది. పనికిరాకుండా పోయింది. ఓవెన్ శుభ్రం చేసే స్ప్రేల్లో కూడా చాలావాటిలో ఇదే సోడా ఉంటుంది, చూసుకోండి.

ఇల్లలకగానే పండగ కాదు. రంగు లేచిపోయి లోహం తళతళలాడుతుంటే ప్రైమర్ డబ్బా ఊపాలని చెయ్యి ఊరుతుంది. ఆగాలి. పాత రకం రిమూవర్లలో తొందరగా ఆవిరైపోకుండా మైనం కలుపుతారు. ఈ జెల్‌లో చిక్కదనం కోసం కలిపిన పదార్థం ఉంటుంది. ఏది మిగిలినా దాని మీద రంగు నిలవదు, చేపకళ్ళలా గుండ్రటి గుంటలు పడుతుంది. వేడినీళ్ళు, సబ్బు పెట్టి నైలాన్ బ్రష్‌తో రెండుసార్లు కడిగాను. చాంబర్ మాత్రం కడిగిన వెంటనే గాలి కొట్టి, హీట్ గన్‌తో ఆరబెట్టాను. రంగు లేని ఉక్కు తడి మీద నిమిషాల్లో నారింజ రంగు తుప్పు పొడి కనిపిస్తుంది. తుప్పు రాకూడదని ఏదైనా ఆయిల్ స్ప్రే కొడితే మళ్ళీ ఆ జిడ్డు తీసే పని మొదలు.

ట్యాపెట్ కవర్ కడిగాక నీళ్ళ పరీక్ష చేశాను. శుభ్రమైన నీళ్ళు పోస్తే లోహం మీద ఒకే పొరగా పరుచుకోవాలి. ఎక్కడైనా చుక్కలుగా విడిపోతే అక్కడ జిడ్డు ఉన్నట్టే. నా కవర్ మీద ఒక చివర నీళ్ళు ముత్యాల్లా దొర్లిపోయాయి. పైకి చూస్తే అద్దంలా శుభ్రంగా ఉంది. హీట్ గన్ పెట్టి నెమ్మదిగా వేడి చేశాను. కాసేపటికి లోహం మీద సూదిమొనంత చుక్కలు లేచాయి, గోధుమ రంగులో. పోత అల్యూమినియంలో కంటికి ఆనని రంధ్రాలుంటాయి, ఏళ్ళుగా వాటిలోకి ఇంకిన ఆయిల్ చెమటలా పైకి ఊరింది. థిన్నర్ గుడ్డతో తుడిచి, చల్లారనిచ్చి మళ్ళీ వేడి చేశాను. నాలుగో విడతకి గుడ్డ తెల్లగా వచ్చింది, నీళ్ళు కూడా చీలకుండా పరుచుకున్నాయి. పోయినసారి నా రంగు లేచింది సరిగ్గా ఈ మూలనుంచే.

వాసన తక్కువని ఈ జెల్‌ని తేలిగ్గా తీసుకోకండి. పల్చటి నైట్రైల్ గ్లవ్స్ కాసేపటికే ఉబ్బి వదులైపోయాయి. బ్యూటైల్ రబ్బరువి తెచ్చుకున్నాక నిశ్చింతగా ఉంది. బ్రష్ వెనక్కి లాగుతుంటే ఒక చుక్క చిమ్మి మణికట్టు మీద పడింది, కడిగేలోపే మంట పుట్టింది. ఆ చుక్క కంట్లో పడి ఉంటే అన్న ఆలోచనే టెన్షన్ పెట్టింది, కళ్ళద్దాలు కాకుండా చుట్టూ మూసుకునే గాగుల్స్ పెట్టుకోండి. పాత కారు రంగులో సీసం ఉండొచ్చు. పొడిగా రుద్దితే ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోతుంది, తడి జెల్‌తో గీకితే ఆ భయం చాలా తక్కువ. అది దీని పెద్ద మంచిగుణం. గీకిన ముద్దని మాత్రం మోరీలో పారేయకుండా మూతున్న రేకు డబ్బాలో వేసి, ప్రమాదకర చెత్త తీసుకునే చోట ఇవ్వాలి.

అల్యూమినియానికి ముందు లోహాన్ని కాస్త కొరికి పట్టుకునే ఎచింగ్ ప్రైమర్, దాని మీద దాదాపు 260 డిగ్రీలు తట్టుకునే ఇంజిన్ ఎనామెల్ వేశాను. నేను వాడిన స్ప్రే డబ్బా మీద తర్వాతి కోటు గంటలోపు గానీ ఏడు రోజుల తర్వాత గానీ వేయమని ఉంది. మధ్యలో వేస్తే సగం ఆరిన కింది పొరని పై పొర ముడతలు పట్టిస్తుంది. పది నిమిషాలకొకటి చొప్పున మూడు పల్చటి కోట్లు గంటలోపే ముగించాను. గాడుల మధ్య ఆ పోత అంకెలు రంగు కింద మునిగిపోకుండా స్పష్టంగా కనిపిస్తున్నాయి. వారం ఆగి, బోల్టులు పట్టే చోట రేజర్ బ్లేడ్‌తో చిన్న అడ్డగీతలు గీసి, టేపు అంటించి ఒక్క గుంజు గుంజాను. టేపు ఖాళీగా వచ్చింది.

ఇంజిన్ రంగుకి, ముఖ్యంగా అల్యూమినియం భాగాలకి, రెండు రోజులు ఓపిక ఉన్నవాళ్ళకి ఈ జెల్ కొనమనే చెబుతాను. పౌడర్ కోటింగ్ ఉంటే వద్దు. డబ్బాలో మిగిలిన పావు వంతు వాటర్ పంపు పుల్లీకి ఉంచాను. వేరే బ్రాకెట్ దొరికింది, దాని మీద కూడా రెండు పొరల రంగుంది. అది కూడా లేపాకే, థిన్నర్ తుడిచి చూశాకే ఎక్కిస్తాను.